జపాన్ ఆట, తెనాలి క్యాసెట్టు

ఈ రోజు అమెరికాలో, టెక్సస్‌లోని ప్లేనోలో, మా ఇంటి హాల్లో, అందరి ముందూ నేను గెలిచాను.

జపాన్‌లో తప్ప ఇంకెక్కడా అమ్మని పాత వీడియో గేమ్ ఒకటి మా ఆయన ముచ్చటపడి తెప్పించుకున్నారు. మల్లయోధులు కుస్తీ పట్టే ఆట. చూపించుకోవాలని సాయంత్రం ఆఫీసు స్నేహితులను పిలిచారు. తీరా పెడితే తెర నిండా జపనీస్ అక్షరాలే. తప్పు నొక్కితే ఏం చెడిపోతుందోనని ఎవరూ బటన్ ముట్టుకోరు. ఇంజినీర్లంతా టీవీకి ఎదురుగా ఫోన్లు పట్టుకుని అనువాదం చేయిస్తున్నారు. ఒక ఫోను "వంకాయకు స్వాగతం" అంది.

బజ్జీల పళ్ళెంతో వచ్చిన నేను తెర చూసి ఆగిపోయాను. తెనాలిలో అన్నయ్యా నేనూ వేసవి సెలవులంతా ఆడిన ఆట ఇదే! పళ్ళెం మా ఆయన చేతిలో పెట్టి, గేమ్ రిమోట్ లాక్కుని, రెండో లైను నొక్కాను. మల్లయోధులు బరిలోకి దిగారు.

"వదినా, మీకు జపనీస్ వచ్చా?" అన్నాడు ఆయన ఫ్రెండ్ కిరణ్.

"ఒక్క ముక్క రాదు. మా ఊళ్ళో దొరికే డూప్లికేట్ గేమ్ క్యాసెట్లన్నీ ఇలాగే ఉండేవి. ఏ లైన్ నొక్కితే ఏమవుతుందో గుర్తుపెట్టుకునేవాళ్ళం, అంతే."

"క్యాసెట్ కాదు, కార్ట్రిడ్జ్" అని మా ఆయన సరిదిద్దారు. ఆ ఒక్క మాటకి ఆయన మల్లయోధుణ్ణి ఆడిన ప్రతిసారీ బరి బయటికి తోశాను. తర్వాత కిరణ్‌నీ తోశాను.

అక్షరం రాకుండానే ఇలాంటి ఆటల్లో ఆరితేరినవాళ్ళు ఇంకెవరైనా ఉన్నారా? ఉంటే వచ్చే ఆదివారం మా ఇంటికి రండి. బజ్జీలు మా ఆయన వేస్తారు.