ఎదురొచ్చే కొలువు

దమ్మపేటలో మా అక్కవాళ్ళ సందులో ఎవరైనా ప్రయాణమైతే ముందుగా మా అక్క ఇంటికి కబురొచ్చేది. "ఒక్క నిమిషం అమ్మాయిని లోపలుండమనండి" అని. తిట్టేవాళ్ళు కారు, గొంతు కూడా పెంచేవాళ్ళు కారు. అంత మర్యాదగా చేసే క్రూరత్వాన్ని నేను ఇంకెక్కడా చూడలేదు.

ఆ అమ్మాయి మా అక్క కూతురు. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త కామెర్లతో పోతే పుట్టింటికి తిరిగొచ్చింది. వాళ్ళ ఇల్లు సందు మొగదల. పామాయిల్ తోటల నుంచి రోడ్డెక్కే ప్రతి బండీ ఆ గేటు ముందు నుంచే పోవాలి. కొన్నాళ్ళకు కబురు కూడా అక్కర్లేకపోయింది. కారు స్టార్టయిన చప్పుడు వినబడితే చాలు, చేతిలో చీపురు ఉన్నచోటే వదిలి తలుపు వెనక్కి పోయేది. బండి దాటాక వచ్చి మిగతా వాకిలి ఊడ్చేది. నేను ఖమ్మంలో టీచర్ని. సెలవులకు వెళ్ళినప్పుడల్లా ఆ సగం ఊడ్చిన వాకిలి చూసి మా అక్కతో గొడవ పెట్టుకునేదాన్ని.

"నీకేంది, నాలుగు రోజులుండి పోతవు. మేం గీ సందులనే బతకాలె" అనేది అక్క.

అందులో నిజముంది. నిజమున్న ప్రతిచోటా న్యాయం ఉంటుందని మాత్రం నేను ఒప్పుకోను.

నేను పెరిగిన ఇల్లు అలాంటిది. మా నాయన ఆదివారాలు ఊరి గ్రంథాలయంలో వాద సభలు పెట్టేవాడు. దయ్యాలున్నాయా, జాతకాలు నిజమా, వితంతువుకు బొట్టెందుకు వద్దు అని పెద్దవాళ్ళు కూర్చుని వాదించుకునేవాళ్ళు. పరికిణీ కట్టుకునే వయసులో నన్నూ నిలబెట్టి మాట్లాడించేవాడు. ఆయన పెట్టిన నియమాలు రెండే. ఉందన్నవాడే రుజువు చూపాలి. మనకు అనుకూలంగా జరిగిన ఒక్క సంగతిని పట్టుకుని రుజువని ఎగరకూడదు. మొదటి నియమం అందరికీ నచ్చేది. రెండోదాని దగ్గర చాలామంది జారిపోయేవాళ్ళు.

మా వైపు విమానమెక్కాలంటే హైదరాబాద్ పోవడమే తెలుసు. బస్సులో నడుము విరగ్గొట్టుకుని, అక్కడ ఆటోకో కారుకో మళ్ళీ వేరే ఖర్చు పెట్టుకుని. మన జిల్లాకే ఎయిర్‌పోర్టు వస్తుందన్న మాట ఏళ్ళుగా వింటున్నాం. ఎవరో వచ్చి స్థలం చూస్తారు, కొండలున్నాయనో అడవి అడ్డమనో పోతారు. ఈలోపు సరిహద్దు అవతల బెజవాడ పక్కనున్న గన్నవరానికి విమానాలు పెరిగాయి. ఢిల్లీ దాకా నేరుగా పోవచ్చన్నారు. సత్తుపల్లి, తిరువూరు మీదుగా పొద్దున బయల్దేరి మధ్యాహ్నం విమానమెక్కేవాళ్ళు మా చుట్టాల్లోనే మొదలయ్యారు. ఉన్నోళ్ళ సంబరం, మనకేం ఒరుగుతుందని నేనే ఒక సభలో ఎగతాళి చేశాను కూడా. కానీ విమానాలు పెరిగితే కౌంటర్లు పెరుగుతాయి. కౌంటర్ల వెనక నిలబడటానికి మనుషులు కావాలి. తెలుగు, ఇంగ్లీషు వచ్చిన చుట్టుపక్కల పిల్లలు కావాలని ఒక విమాన సంస్థ ఖమ్మంలో ఇంటర్వ్యూలు పెట్టింది. మా అక్క కూతురు మా ఇంట్లో దిగి, నా చీర కట్టుకుని వెళ్ళింది. ఉద్యోగమొచ్చింది.

అడ్డుపడ్డది దాని పెదనాన్న. మా అక్క భర్తకు అన్న. ఆ ఇంట్లో ఆయన మాటే మాట. మా అక్క భర్త ఎన్నడూ దాన్ని దాటలేదు. ఆయన తాత కోస్తా నుంచి వచ్చి భూములు కొని స్థిరపడ్డాడు. చెడ్డవాడంటే అబద్ధమవుతుంది. అల్లుడు దవాఖానాలో ఉన్నన్నాళ్ళూ బెడ్డు పక్కన కూర్చున్నది ఆయనే. ఆడపిల్లకు ఉద్యోగమెందుకని కూడా ఆయన అనలేదు. కావాలంటే తన పామాయిల్ లెక్కలు చూసుకోమన్నాడు. వెనక గది ఇస్తానన్నాడు, ఏసీ కూడా పెట్టిస్తానన్నాడు. ఆయన బాధ వేరే.

"ఊరోళ్ళందరికీ ఎదురొచ్చే కొలువేందమ్మా అది?" అన్నాడు నాతో. "పొద్దున లేస్తే వందలమంది ప్రయాణపోళ్ళు. అందరికీ మొదట కనబడేది ఈ పిల్లే. ఏమన్నా అయితే ఆ ఉసురు ఎవరికి?"

"బావా, విమానంలో కూసునేటోళ్ళల్లో మొగుడు పోయినోళ్ళుండరా? టికెట్టు కొనేటప్పుడు ఎవరన్నా అడుగుతున్నరా?"

"నీతో మాట్లాడి గెలిచినోడు లేడు టీచరమ్మా. గెలిచినంత మాత్రాన శకునం పోద్దా?"

అమ్మాయి అక్కడే నిలబడి వింటోంది. మేమిద్దరం దాని గురించి దాన్నే అడగకుండా వాదించుకుంటున్నాం. అది లోపలికి పోయి బ్యాగు తెచ్చుకుంది. "వెనక గదిలో ఇప్పటికే చానా రోజులున్న, పెదనాన్నా" అని చెప్పి బస్టాండుకు నడిచింది. నేను వెంట పరుగెత్తాను. అక్క గేటు దాకా వచ్చి ఆగిపోయింది.

తర్వాత గన్నవరం దగ్గర హాస్టల్లో ఉంటూ శిక్షణ ముగించుకుని కౌంటరు ఎక్కింది. ఊళ్ళో గుసగుసలు ఆగలేదు. ఎవరి విమానం ఆలస్యమైనా మా అక్కకు వినబడేలా చెప్పుకునేవాళ్ళు. పొగమంచును కూడా మా పిల్ల లెక్కలోనే వేశారు.

ఆ ఏడాది చలికాలంలో పామాయిల్ రైతుల తరఫున ధర గురించి మాట్లాడటానికి నలుగురు ఢిల్లీ పోవాల్సొచ్చింది. పెద్దమనిషి మా బావే, అమ్మాయి పెదనాన్న. హిందీ చక్కగా వచ్చినవాళ్ళు కావాలని నన్ను రమ్మన్నారు. ప్రయాణం గన్నవరం నుంచే. ఆ పూట కౌంటర్లో ఎవరుంటారో బావ నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.

బయల్దేరే పొద్దున టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. ఆయన భార్య, అంటే మా అక్క తోడికోడలు, నిండు చెంబుతో ఎదురొచ్చింది. దేవుడి దగ్గర పెట్టిన ఎండుకొబ్బరి కుడుకల పొట్లాన్ని క్షేమంగా పోయి రమ్మని ఆయన బ్యాగులో స్వయంగా సర్దింది.

ఎయిర్‌పోర్టులో మా విమానానికి రెండు కౌంటర్లున్నాయి. ఒకదాని వెనక మా అమ్మాయి. జుట్టు ముడేసుకుని, యూనిఫాం కోటు వేసుకుని, బొట్టు పెట్టుకుని ఉంది. బావ చూశాడు. చూసి పక్క వరసలో చివర నిలబడ్డాడు. ఆ వరసలో పెళ్ళికి పోయే బలగం ఉంది. వాళ్ళ సామానుకు అంతూ పొంతూ లేదు. మిగతా ముగ్గురు రైతులు ఆయన వంక చూసి, నా వంక చూసి, ఆయన వెనకే సర్దుకున్నారు. అమ్మాయి ముందు నేనొక్కదాన్నే. నా బోర్డింగ్ పాసు చేతికొచ్చింది. నేను జరిగాక అమ్మాయి ముందు ఎవరూ లేరు.

నాకు ఒళ్ళు మండింది. ఆదివారం సభల్లో నేర్చుకున్న మాటలన్నీ నాలుక మీదికొచ్చాయి. అమ్మాయి నా వంక చూసి తల చిన్నగా అడ్డంగా ఊపింది. నోరు మూసుకున్నాను. అది దాని చోటు, నా సభ కాదు.

పక్క వరస కదల్లేదు. మూసే వేళ దగ్గర పడింది. అప్పుడు అమ్మాయి పిలిచింది. గొంతులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. రోజూ అందరినీ పిలిచే గొంతే.

"పెదనాన్నా, ఇటు రాండ్రి. కౌంటర్ మూస్తరు."

"పర్లేదమ్మా, ఈడ నిలబడత."

"ఈడ నిలబడితే విమానం నిలబడదు."

పెళ్ళి బలగంలో ఎవరో నవ్వారు. వెనకున్న రైతు ఒకాయన, "ధర కోసం పోతున్నమా, వరస కోసమా?" అని గొణిగాడు. బావ కదిలాడు. వచ్చి ఆధార్ కార్డు బల్ల మీద పెట్టాడు. చేతికివ్వలేదు. అమ్మాయి తీసుకుని చూసి, మళ్ళీ బల్ల మీద పెట్టకుండా చేతిలోనే పట్టుకుని చాచింది. ఆయన తీసుకునే దాకా అట్లాగే పట్టుకుంది. తర్వాత అందరినీ అడిగే ప్రశ్నలే అడిగింది. పవర్‌బ్యాంకు, లైటరు, ఎండుకొబ్బరి ఏమన్నా ఉన్నాయా అని.

ఆయన మొహం చూడాల్సింది.

కుడుకలు విమానంలో పోవు. వాటిలో నూనె ఎక్కువ, తేలిగ్గా నిప్పంటుకుంటుందని తీసుకోనివ్వరు. క్షేమం కోసం ఇంటి ముత్తైదువ పెట్టిన వస్తువు ప్రమాదకరమని, అపశకునమన్న పిల్ల పక్కకు తీసింది. "పారేయొద్దమ్మా, దేవుడి దగ్గరివి" అన్నాడాయన మెల్లగా. "పారేయను. దాచిపెడత" అంది.

ఢిల్లీలో పని కాలేదు. కలవాల్సిన పెద్దాయన ఊళ్ళో లేడు. ఎవరో వినతిపత్రం తీసుకుని టీ ఇచ్చి పంపారు. క్షేమంగా తిరిగొచ్చాం. ఆ పూట అమ్మాయి డ్యూటీలో లేదు.

క్షేమంగా వచ్చాం కాబట్టి శకునం అబద్ధమని నేను అనను. మా నాయన రెండో నియమం అడ్డొస్తుంది. ఈ క్షేమాన్ని ఆ పిల్ల ఖాతాలో వేస్తే, రేపు జరిగే ఆలస్యాన్నీ దాని ఖాతాలోనే వేయాల్సొస్తుంది. ఎవరి ముఖానికీ ఏ విమానానికీ సంబంధం లేదు. మంచికీ లేదు, చెడ్డకీ లేదు. నా వాదం అంతే, అందులో గోరంత తగ్గను. సందులోవాళ్ళు మాత్రం తగ్గారా? "పని ఎందుకు కాలేదో తెల్వదా" అని బావ వసారాలోనే ఒకడు అన్నాడు. నేను లేచేలోపే బావ అన్నాడు: "ఆ పెద్దాయన ఊళ్ళో లేడు. పిల్లేం చేసిద్ది?" అంతకు మించి ఆయన నుంచి నేను ఆశించనూ లేదు.

ఆ నెలలోనే అమ్మాయి సెలవు మీద వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పొద్దున వాకిలి ఊడుస్తుంటే సందు లోపల బావ కారు స్టార్టయింది. కొత్తగూడెం పోతున్నాడు. అక్క అలవాటుగా, "లోపలికి రా" అంది.

అమ్మాయి చీపురు గోడకు ఆనించి లోపలికి పోయింది. మరుక్షణం బయటికొచ్చింది, చేతిలో ఒక పొట్లంతో. గేటు తీసి సందు మధ్యలో నిలబడింది. అక్క నా చెయ్యి పట్టుకుంది.

కారు వచ్చి ఆగింది. డ్రైవరు హారన్ మీద చెయ్యి వేసి, మళ్ళీ తీసేశాడు. వెనక, ఎదురు రావడానికి చెంబు పట్టుకున్న బావ భార్య ఉన్నచోటే ఉండిపోయింది. అమ్మాయి కిటికీ దగ్గరికి పోయింది. అద్దం దిగింది.

"పెదనాన్నా, మీ కుడుకలు."

ఆయన పొట్లం వంక చూశాడు. ఈసారి మధ్యలో బల్ల లేదు. చెయ్యి చాచి తీసుకుని, విప్పి, ఒకటి వాసన చూశాడు.

"పురుగు పట్టలేదు గదా?"

"లేదు. చూసే తెచ్చిన."

"సరే, జరుగు. నాకు పొద్దు పోతుంది" అన్నాడు.

పక్కకు జరిగింది. కారు దాని ముందు నుంచే రోడ్డెక్కింది. అమ్మాయి గోడకు ఆనించిన చీపురు తీసుకుని వాకిలి మొత్తం ఊడ్చింది.