చిన్నోడి మూలుగు

2022 మే నెల. హన్మకొండ సుబేదారిలో ఒక మెడికల్ షాపు పైన రెండు గదుల్లో మా వినికిడి క్లినిక్. నేను ఆడియాలజిస్టును. అంటే చెవి ఎంత వింటున్నదో కొలిచి, అవసరమైతే మిషన్ అమర్చే మనిషిని. డాక్టర్ని కాదని వచ్చినవాళ్లకు చెప్పి చెప్పి, ఇక లాభం లేదని మానేశాను. అప్పటికి ఈ పనిలో తొమ్మిదేళ్లు గడిచాయి. రోజంతా వినపడనివాళ్లతో గట్టిగా మాట్లాడి, ఇంటికి వెళ్లాక కూడా అదే గొంతుతో కూర వడ్డిస్తానని మా ఆయన ఫిర్యాదు.

మా దగ్గరికి వచ్చేవాళ్లలో మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు చాలామందే ఉంటారు. షెడ్డులో పది మగ్గాలు ఒక్కసారిగా ఆడుతుంటే పక్కమనిషి చెవిలో అరిచినా వినిపించదు. ముప్పై ఏళ్లు అందులో నిలబడితే చెవి మెల్లగా అరిగిపోతుంది. ముందు పోయేవి సన్నని శబ్దాలు. పిట్ట కూత పోతుంది, చిన్నపిల్లల మాట పోతుంది. పోయిన సంగతి మనిషికి తెలియదు. లోకమంతా తనతో గొణుగుతున్నదని కోపం తెచ్చుకుంటాడు.

సదానందం అలా వచ్చినవాడే. కొత్తవాడలో ఉంటాడు, యాభై ఎనిమిదేళ్లు. షెడ్డు యజమాని ఎన్నిసార్లు పిలిచినా పలకడం లేదని పంపించాడు. చొక్కా మీద దూది పోగులు అలాగే ఉన్నాయి. మాట్లాడేవాళ్ల ముఖం వైపు కన్నార్పకుండా చూసేవాడు. పెదవుల కదలికను బట్టి సగం, కళ్లను బట్టి సగం అర్థం చేసుకునేవాడు. అలాంటివాళ్లతో మాట్లాడేటప్పుడు తల దించకూడదు, పక్కకు తిరగకూడదు. మా చదువులో మొట్టమొదటి పాఠం అదే.

ఇంట్లో ఎవరెవరు ఉంటారని అడిగాను. నేను, చిన్నోడు అన్నాడు. భార్య పోయి పన్నెండేళ్లయిందట. చిన్న కొడుకు అని ఫైల్లో రాసుకుని, వచ్చేసారి ఆ అబ్బాయిని తీసుకురమ్మన్నాను. మిషన్ ట్రయల్, అంటే పెట్టి చూసే రోజున, ఇంటి మనిషి ఒకరు పక్కన ఉండటం మా పద్ధతి. వారం తర్వాత ఆటో దిగి, మెట్లెక్కి, గోధుమరంగు కుక్కను వెంటబెట్టుకుని వచ్చాడు.

“వీడే చిన్నోడు” అన్నాడు.

అది ఊరకుక్క. ఒక చెవి నిలబడి, ఒకటి వాలిపోయి ఉంది. పిల్లగా ఉన్నప్పుడు వానలో తడుస్తూ గుమ్మంలోకి వచ్చిందట. ఎవరైనా తలుపు కొడితే వచ్చి లుంగీ పట్టి లాగుతుందని, పాలు పొంగినా లాగుతుందని, వెనక నుంచి బండి వస్తుంటే ముందుకు పోనివ్వదని ఆయన మురిసిపోతూ చెప్పాడు. నేను నమ్మలేదు. బయటకు వెళ్లి తలుపు తట్టాను. లోపలికి వచ్చేసరికి చిన్నోడు లుంగీ అంచు పళ్లతో పట్టుకుని ఉన్నాడు. సదానందం తలుపు వైపు చూస్తూ నవ్వుతున్నాడు.

ఆ రోజు మిషన్ పెడితే పది నిమిషాలకే తీసేశాడు. రేకుల మీద రాళ్లవాన పడ్డట్టు ఉందన్నాడు. మొదట్లో అందరికీ అలాగే ఉంటుంది. మూడు నాలుగు వారాలు ఓపిక పడితే మెదడు అలవాటు పడుతుంది. ఆ మాట కూర్చోబెట్టి చెప్పడం నా బాధ్యత. నేను చెప్పలేదు. ఈ చెవులు నాకు చాలని ఆయన కుక్క తల మీద చెయ్యి వేస్తే, నాకూ ముచ్చటేసింది. ఫైల్లో ‘పేషెంట్‌కు ఇష్టం లేదు’ అని రాసి పంపించేశాను. ఆ తర్వాత పెళ్లిళ్లలో, బంతి భోజనాల దగ్గర ఎంతమందికి ఈ కథ చెప్పానో లెక్కలేదు. అందరూ నవ్వేవాళ్లు. బాగా చెప్తానని పేరు కూడా వచ్చింది.

రెండేళ్ల తర్వాత వానాకాలంలో సదానందం మళ్లీ వచ్చాడు, ఒక్కడే. నేను ఎదురు వెళ్లి, చిన్నోడేడి బాపు అన్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

“పోయిండు బిడ్డా. ఇరువై రోజులాయె.”

తర్వాత చెప్పింది ఇది. చిన్నోడు మూడు రోజులు తిండి మానేశాడు. ఇంటి వెనక, బట్టలుతికే బండ పక్కన గోనెసంచి మీద పడుకుని లేవలేదు. ఉక్కకు అలా ఉన్నాడనుకుని సదానందం పక్కనే కూర్చుని వీపు నిమిరేవాడు. అక్కడే కూర్చుని తన అన్నం తిన్నాడు, ఒక ముద్ద వాడి నోటి దగ్గర పెట్టి చూశాడు. మూడో రోజు పక్కింటామె గోడ మీదుగా చెయ్యి ఊపి పిలిచింది. మూడు రోజుల నుంచి కుక్క ఆగకుండా మూలుగుతున్నది, మాకే వినలేక కడుపు తరుక్కుపోతున్నది, పక్కనే కూర్చున్నవు, నీకు వినపడుతలేదా అని అడిగింది. అప్పుడు ఆటోలో వేసుకుని పశువుల దవాఖానకు ఉరికాడు. మూత్రం బందైందని, మొదటి రోజే తెస్తే గొట్టం వేసి తీసేవాళ్లమని అక్కడ చెప్పారు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలోనే ప్రాణం పోయింది.

ఇవన్నీ ఏడవకుండా చెప్పాడు. షెడ్డులో పని గురించి చెప్పినట్టే చెప్పాడు.

మళ్లీ పరీక్ష చెయ్యమన్నాడు, చేశాను. ఫలితం ఆడియోగ్రామ్ మీద వస్తుంది. అది వినికిడి పటం. ఎడమ వైపు బొంగురు శబ్దాలు, కుడి వైపు సన్నని శబ్దాలు. మనిషి ఎంతవరకు వింటాడో ఒక గీత చూపిస్తుంది, అది కిందికి దిగేకొద్దీ వినికిడి తగ్గినట్టు. ఆయన గీత ఎడమ వైపు కాస్త పైన ఉండి, కుడికి పోయేకొద్దీ దిగజారిపోయింది. కుక్క మొరిగితే ఎక్కడ ఉంటుందని అడిగాడు. ఎడమ వైపు చూపించాను, దగ్గర నుంచి మొరిగితే మీకు అందుతుందన్నాను. మూలిగితే ఎక్కడని అడిగాడు. వేలు కుడి వైపుకు జరిపాను. అది ఆయన గీతకు అందనంత దూరంలో ఉంది.

అక్కడే చాలాసేపు చూసి, తల ఎత్తాడు.

“ఒక్క మాట చెప్పు బిడ్డా. అప్పుడే గా మిషన్ పెట్టుకోని ఉంటే, వాని మూల్గుడు నాకు ఇనవడునా?”

వినపడేది. పక్కనే కూర్చున్న మనిషికి తప్పకుండా వినపడేది. ఆయన చెవిలో మిగిలిన వినికిడికి ఆ మిషన్ సరిపోతుందని నాకు తెలుసు. అది తెలిసే రెండేళ్ల కింద ట్రయల్ పెట్టాను. కానీ ఆ ముఖం చూస్తూ ఆ మాట ఎలా అనను? ఇప్పటికే విరిగిపోయిన మనిషి. ఒక్క అబద్ధంతో ఆయన గుండె మీద బరువు దిగుతుందంటే ఎవరికి నష్టం అనుకున్నాను.

“లేదు బాపు. మిషన్ ఉన్నా గంత సన్నటి సప్పుడు ఇనవడకపోతుండె” అన్నాను.

ఆయన తల ఊపాడు. పటం మడిచి జేబులో పెట్టుకున్నాడు. కొత్త మిషన్ చూద్దామా అంటే, మళ్ల వస్తనని లేచాడు. మెట్ల దగ్గర ఆగి నాకు దండం పెట్టాడు. ఒక మంచి పని చేశానని ఆ సాయంత్రమంతా నాకు తృప్తిగా ఉంది.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. సదానందం రాలేదు. అప్పుడు నా బుర్రకు తట్టింది. మిషన్ ఉన్నా ఆ శబ్దం వినపడదని నేనే చెప్పాను. వినపడని మిషన్ ఆయనకెందుకు? ఓదార్చానని మురిసిపోతూ, ఆయన చెవులకున్న ఒక్క దారినీ నేనే మూసి పంపాను. ఒకసారి ముచ్చటపడి పంపించాను, ఒకసారి జాలిపడి పంపించాను. రెండుసార్లూ నా పని నేను చెయ్యలేదు. నా మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఫైల్లో అడ్రసు ఉంది. ఆదివారం పొద్దున కొత్తవాడ వెళ్లాను. వాళ్ల తలుపు కొట్టాను, మళ్లీ కొట్టాను, పేరు పెట్టి పిలిచాను. ఈ వృత్తిలో ఉండి వినపడని మనిషి తలుపు ఐదు నిమిషాలు బాదింది నేనొక్కదాన్నే అయి ఉంటాను. పక్కింటామె బయటకు వచ్చి, ఎనుకకు పోయి చెయ్యి ఊపాలని చెప్పింది. కుక్క ఉన్నప్పుడు ఈ తిప్పలు లేకుండె, ఇప్పుడు ఎవరొచ్చి పోయినా ఆయనకు ఎరుక లేదు అన్నది. అందుకే రావడం కూడా తగ్గించారట జనం.

సదానందం వెనక గుమ్మంలో కూర్చుని బియ్యం ఏరుతున్నాడు. ఎదురుగా ఉతికే బండ, దాని పక్కన గోనెసంచి ఇంకా ఉంది. నన్ను చూసి గబగబా లేచి పీట వేశాడు. నేను కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ మాట మారుస్తానేమోనని భయం వేసింది. ఆయన ఎదురుగా నిలబడి, ఒక్కొక్క మాటా విడిగా చెప్పాను. ఆ రోజు అబద్ధమాడాను, మిషన్ ఉండి ఉంటే వినపడేది అన్నాను.

ఆయన ముఖంలో ఏ మార్పూ రాలేదు. చేటలో నుంచి రెండు వడ్లగింజలు తీసి పక్కన వేశాడు.

“నాకెరుకే బిడ్డా. ఎప్పుడు మాట్లాడినా నా మొకం సూసి మాట్లాడుతవు. గా ఒక్క మాటకు కాయితం దిక్కు సూసినవు.”

మరి తెలిసీ మిషన్ కోసం ఎందుకు రాలేదని అడిగాను. చేట కింద పెట్టాడు. తర్వాత, వాడు ఏడ్చినప్పుడు లేని చెవులు ఇప్పుడెందుకు, వినపడకుండా ఉండటమే నాకు సరైన శిక్ష అన్నాడు.

అప్పుడు నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి ముందు ఏడవకూడదో వాళ్ల ముందే ఏడ్చాను. శిక్ష అయితే అందులో సగం నాదని చెప్పాను. కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాల్సింది చెప్పకుండా, ఇష్టం లేదని రాసి పంపించింది నేనే అన్నాను. మీ చిన్నోడి కథ చెప్పి రెండేళ్లు పదిమందిని నవ్వించానని కూడా చెప్పాను. ఏడుస్తూ మాట్లాడితే నా పెదవులు ఆయనకు అందలేదేమో, చివరి మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు.

“ఏమని చెప్పినవు వాని గురించి?” అని అడిగాడు.

తలుపు తట్టడం, లోపలికి వచ్చేసరికి లుంగీ అంచు వాడి నోట్లో ఉండటం చెప్పాను. ఆయన వింటున్నాడు, అంటే చూస్తున్నాడు. మొదటిసారి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంపలు తుడుచుకోలేదు.

“నువ్వు మనాది పెట్టుకోకు బిడ్డా” అన్నాడు. “వాణ్ణి ఎరిగినోళ్లు నేను గాక నువ్వొక్కదానివున్నవు.”

ఆ బుధవారం వచ్చి మిషన్ పెట్టించుకున్నాడు. ఈసారి పద్ధతి ప్రకారం అన్నీ చెప్పాను. మొదటి వారం గంట, రెండో వారం రెండు గంటలు, తర్వాత రోజంతా. రేకుల మీద రాళ్లవాన అలాగే ఉన్నా ఓర్చుకున్నాడు. ఇప్పుడు మా దగ్గర ఎవరైనా మిషన్ వద్దంటే, ఎందుకు వద్దో తెలిసేదాకా నేను ఫైలు ముయ్యను. చేదు జవాబు చెప్పాల్సి వస్తే, కళ్లు దాని మీదికి పోకుండా పటం బోర్లా పెట్టేస్తాను. ఇవి నేను నేర్చుకున్న పాఠాలు. పనికొచ్చేవే. కానీ మూడు నెలల తర్వాత చెకప్‌కు వచ్చినప్పుడు ఆయన చెప్పింది ఏ పాఠంలోనూ ఇమడలేదు. ఎలా ఉంది బాపు అని అడిగితే, చాయ్ దుకాణంలో బాగుంది, బజార్లో బాగుంది అన్నాడు. ఇంట్లో ఎలా ఉంది అన్నాను.

“ఇన్నేండ్లు నాకే ఇనవడుతలేదనుకున్న” అన్నాడు. “గిప్పుడు పెట్టుకోని కూసుంటే తెలుస్తాంది. ఇంట్ల సప్పుడే లేదు బిడ్డా.”

శబ్దం చెవికి చేర్చడం వరకే నా చదువు. శబ్దమే లేని ఇంటికి ఏ మిషన్ పెట్టాలో నాకు ఎవరూ నేర్పలేదు. అందుకని ఆయనకు ఒక ఫోన్ తీసుకోమన్నాను. వారానికోసారి, పేషెంట్లు లేని వేళ చూసుకుని నేనే చేస్తున్నాను. పెద్దగా మాట్లాడేదేమీ ఉండదు. ఇనవడుతాందా బాపు అని అడుగుతాను.

“ఇనవడుతాంది బిడ్డా” అంటాడు. “జర సేపు మాట్లాడు.”