వెర్నా బేస్‌మెంటులోని వాగు

మా వీధిలో బేస్‌మెంటులోకి నీళ్లొస్తే అందరూ తిట్టుకుంటారు. సంతోషించేది వెర్నా లైన్‌బాక్ ఒక్కతే. పొరుగింట్లో ఉండి ఆ పిచ్చిని ఇన్నేళ్లు భరించినదాన్ని నేను.

మా పేట హికరీ వాగుకీ టర్కీ వాగుకీ నడుమ మెరక మీద ఉంది. వీధి వైపు పడిన వాన హికరీలోకి, పెరట్లో పడినది టర్కీలోకి పోతుంది. వెర్నా చిన్నప్పుడు ఇక్కడ ఇళ్లు లేవు, వాళ్ల నాన్న పశువుల పొలం ఉండేది. అందులో ఒక ఊట, ఆ ఊట నుంచి హికరీ దాకా పేరులేని పిల్లవాగు. ఊట మీద కట్టిన రాతిగదిలో, నడివేసవిలో కూడా వేళ్లు కొంకర్లు పోయే నీళ్లలో పాలు విరిగిపోకుండా క్యాన్లు దించేవారు. పొలం అమ్మేశాక ఆ వాగును గొట్టంలోకి తోసి, పైన మట్టి కప్పి వీధులు వేశారు.

పెళ్లయ్యాక వెర్నా, ఎవరూ కొనని తడి ఇంటిని పట్టుబట్టి కొనిపించింది. బేస్‌మెంటు నేలలో నీళ్లు చేరడానికి తవ్విన గుంటలో ఊరేది తన వాగేనని ఆమె నమ్మకం. మొగుడు విల్మర్ నోరెత్తకుండా నీళ్లు తోడే మోటారు బిగించాడు. మంచు కరిగి గుంట నిండే రోజుల్లో ఇద్దరూ కాఫీ కప్పులతో చెరో కుర్చీలో అక్కడే కూర్చునేవారు. విల్మర్ పోయాక ఆమె ఒక్కతే కూర్చుంటోంది.

"అది వెలుతురులో పారుతుంటే ఒక్కసారి చూస్తే చాలే డార్లా," అనేది.

"ఈలోగా ఆ బూజు వాసనకే పోయేట్టున్నావు," అనేదాన్ని.

వాగులంటే ఇంత ప్రాణమా, కుక్కను తిప్పే బాట పక్కనున్న తూమంటే మాత్రం ఆమెకి గిట్టదు. మురుగంటూ ముక్కు మూసుకుని, కుక్కను బరబరా లాక్కుపోయేది.

మొన్న జూలైలో టౌన్‌షిప్ ఆఫీసు వాళ్లు పాత గొట్టాలు ఎక్కడ తేలుతున్నాయో చూడడానికి నీళ్లలో రంగు పోశారు. చర్చి వెనక ఇనప జల్లెడ కింద ఆ ఊట ఇప్పటికీ గొట్టంలోకి దూకుతూనే ఉంది. కర్టిస్ అనే పనివాడు అందులో ఆకుపచ్చ రంగు గుమ్మరించాడు. వెర్నా టార్చి పట్టుకుని తన గుంట మీదికి వంగింది. పక్కనే నేను.

గుంటలో నీళ్లు తేటగానే ఉన్నాయి.

"దూరం కదే, వస్తుంది," అంది.

ఆ నీళ్లు పచ్చబడితే బాగుండునని నేనూ గట్టిగా కోరుకున్నాను. అంతలో వెర్నా ఫోన్ మోగింది. స్పీకరులో కర్టిస్ గొంతు.

"రంగు బయటికొచ్చేసింది మేడమ్. కుక్కల బాట పక్క తూములోంచి."

"మరి నా గుంటలోవి?"

"అవి పెరటి వైపు నుంచి ఊరేవి మేడమ్. టర్కీ వాగు నీళ్లు."

ఆమె మొహంలోకి చూడలేకపోయాను. ఆ మోటారు శబ్దం వింటేనే నాకు కోపం వచ్చింది.

మేం వెళ్లేసరికి తూములోంచి పచ్చటి నీళ్లు ఎండలో మెరుస్తూ దూకుతున్నాయి. చూస్తుండగానే రంగు పలచబడి నీళ్లు మామూలుగా అయ్యాయి. వెర్నా నా భుజం పట్టుకుని వంగి చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"క్యాన్లు దించినప్పటి చలే ఇది," అంది. ఆపైన ఏడుపు ఆగలేదు. "రోజూ ముక్కు మూసుకుని నీ పక్కనుంచే పోయానే తల్లీ! నువ్వు వెలుతురులోనే ఉన్నావు. నేనే చీకట్లో కూర్చున్నాను."

"చెయ్యి తియ్యవే, బిగుసుకుపోతావు," అన్నాను.

"బేస్‌మెంటులోంచి నా కుర్చీ పట్టుకురా."

రొప్పుతూ తెచ్చి తూము ముందు వేశాను. వెర్నా కూర్చోకుండా ఆ ఒంటి కుర్చీనే చూస్తూ నిలబడింది.

"రెండోది కూడా తేవే," అంది. "విల్మర్ ఇన్నేళ్లూ నా కోసం వేరే వాగు దగ్గర కూర్చున్నాడు."