రింగులో దూరని గడ్డలు

ఆ వీధిలో రింగు బాబాయిని ఎరగనివాళ్ళు లేరు. బేరింగుల ఫ్యాక్టరీలో తనిఖీ విభాగంలో పనిచేసి రిటైరయ్యాడు. రోజంతా కొలత పట్టి చూసి, పనికొచ్చేది ఇటు, పనికిరానిది అటు వేయడమే ఆయన ఉద్యోగం. ఉద్యోగం వదిలినా ఆ అలవాటు ఆయన్ను వదల్లేదు. వీడ్కోలు రోజున తోటివాళ్ళు ఇచ్చిన గోడ గడియారం అమ్మాయికి ఇచ్చేశాడు గానీ, పారేయబోతున్న ఒక ఉక్కు రింగును మాత్రం అడిగి మరీ ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ రింగుకు పెరట్లో పని దొరికింది. బాబాయి వెల్లుల్లి పండిస్తాడు. తాడు కట్టి తీసిన సాళ్ళు, రెబ్బకూ రెబ్బకూ బెత్తెడు ఎడం, మొన పైకి. చలి మొదలవగానే నాటి, కింది ఆకులు పసుపెక్కాక తవ్వి, నీడన ఆరబెట్టి, అప్పుడు రింగు బయటికి తీస్తాడు. అందులోంచి దూరిన గడ్డ వంటింటికి. దూరకుండా మొండికేసింది విత్తనానికి. పెద్ద గడ్డ నాటితేనే పెద్ద గడ్డ వస్తుందన్నది ఆయన సిద్ధాంతం. అందులో తప్పేమీ లేదు. కాకపోతే ఏటా పెద్దవన్నీ జడలుగా అల్లుకుని వరండా దూలానికి వేలాడేవి, వచ్చినవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూసేవాళ్ళు, ఇంట్లో వండుకోవడానికి మాత్రం గోళీల్లాంటి బుడిపెలు మిగిలేవి.

ఈ విత్తనం తినేదెప్పుడండీ అని పిన్ని అడిగేది. వచ్చే ఏడాది అనేవాడు బాబాయి. ఆ వచ్చే ఏడాది ఏ ఏడాదీ రాలేదు.

పిన్ని వ్యవసాయం తీరే వేరు. ఎవరో ఇచ్చిన ఘాటు ముల్లంగి ముక్కను కుళాయి పక్కన గుచ్చింది, అంతే. ముల్లంగి అని పేరే గానీ, ఆ తెల్లటి వేరును తురిమితే ముక్కులోంచి నేరుగా నెత్తికెక్కుతుంది. దానికి సాలూ లేదు, కొలతా లేదు. వంకరటింకరగా పాకి వెల్లుల్లి మడిలో తల దూర్చింది. బాబాయికి ఒళ్ళు మండి, ఒకరోజు గునపంతో తవ్వి, ముక్కలు ముక్కలు చేసి, పీడ విరగడైందని చేతులు దులుపుకున్నాడు. మట్టిలో మిగిలిన ప్రతి ముక్కా మొక్కై కూర్చుంది.

"ఇంత శ్రద్ధగా నాటిపెట్టారు, సంతోషమండీ," అంది పిన్ని కిటికీలోంచి.

చాలా రోజులు బాబాయి ఆవిడతో ముభావంగానే ఉన్నాడు.

అలాంటి ఇంట్లో ఒక ఏడాది కూరల్లోంచి వెల్లుల్లి మాయమైంది. బాబాయి మొదట గమనించనట్టే తిన్నాడు. ఆ తర్వాత అలిగాడు. తన పంటంటే ఆవిడకు చులకన కాబోలనుకున్నాడు. ఘాటు ముల్లంగి తురమడం కూడా మానేసిందనీ, కుళాయి పక్కన ఆకులు మోకాలెత్తు లేచాయనీ కంటపడ్డా బుర్రకెక్కలేదు. ఉక్కులో వెంట్రుకవాసి తేడా పట్టేసే మనిషికి ఇంట్లో మనిషి తేడా తెలియడానికి చాలాకాలం పట్టింది.

అగ్గిపెట్టె కోసం వంటింట్లోకి వెళ్ళిన రోజున తెలిసింది. పిన్ని గట్టు దగ్గర నిలబడి ఒక బుల్లి రెబ్బతో కుస్తీ పడుతోంది. రెండు అరచేతుల మధ్య పెట్టి నలుపుతోంది. అది జారిపడి గట్టు కిందకు దొర్లింది. తీద్దామని వంగింది గానీ వేళ్ళు ముడుచుకోలేదు. కణుపులన్నీ వాచి ఉన్నాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఇది?" అన్నాడు బాబాయి.

పిన్ని చేతులు కొంగు కింద దాచుకుంది. చెబితే అమ్మాయి వచ్చి తనను వంటింట్లోంచి బయటికి నడిపిస్తుందని భయమట. ఆ గట్టు దగ్గర చోటు కూడా పోతే తనకు ఇంట్లో ఇంకేం మిగులుతుందట. అదంతా చెప్పి, చేతులు చాపి తనే నవ్వేసింది.

"మీ రెబ్బలదేం తప్పు లేదు లెండి. నా వేళ్ళే మీ రింగులో దూరడం లేదు."

బాబాయి నవ్వలేకపోయాడు. తన రింగులోంచి జారిపోయిన బుడిపెలన్నీ ఇన్నేళ్ళూ ఆ చేతులే ఒలిచాయని అప్పుడు తట్టి సిగ్గేసింది. వరండాలోకి వెళ్ళి జడల కింద నిలబడ్డాడు. ఏళ్ళ తరబడి ఏరి ఏరి పెంచుకున్న విత్తనం. వంటింట్లోకి వెళ్తే మళ్ళీ ఆ పంట కంటపడదని ఆయనకు బాగా తెలుసు. ప్రాణం ఉసూరుమంది. అయినా స్టూలెక్కి ముళ్ళు విప్పి, జడలన్నీ మోసుకొచ్చి గట్టు మీద పెట్టాడు.

"వచ్చే ఏడాది వచ్చేసింది," అన్నాడు.

"మరి నాటడానికో?"

"చిన్నవి ఉన్నాయిగా."

డాక్టరు దగ్గరికీ వెళ్ళారు. అమ్మాయికి బాబాయే చెప్పాడు, పిన్ని ఎలా చెప్పమందో అలాగే చెప్పాడు. వంటిల్లు పిన్నిదే అయింది. పెద్ద రెబ్బను అరచేత్తో ఒక్క నొక్కు నొక్కితే పొట్టు దానంతటదే ఊడొచ్చేది. ఆ ఏడాదంతా కూరల్లో బొటనవేలంత రెబ్బలు తేలాయి.

చలికాలం బాబాయి చిన్నవే నాటాడు, మళ్ళీ తాడు కట్టి, మొన పైకి పెట్టి. తవ్వితే అన్నీ బుడిపెలే. సిద్ధాంతం నిజమైనందుకు మురవాలో ఏడవాలో ఆయనకు తెలియలేదు. వాటిని ఒలిచే పని తనే తీసుకున్నాడు, ముల్లంగి తురిమే పని కూడా. మండే గోళ్ళతో ఆయన పెరటి మెట్ల మీద కూర్చుని కళ్ళ నీళ్ళు కారుస్తుంటే, పక్కింటివాళ్ళు మొగుడూ పెళ్ళాలకు పెద్ద గొడవే అయిందనుకున్నారు.

ఒక సాయంత్రం పిన్ని వచ్చి పక్కన కూర్చుంది. కుప్పలో కెలికి ఒక గడ్డ తీసింది. ఉన్నవాటిలో అదే కాస్త మెరుగు. మెట్టు మీది రింగు అందుకుని, వంగని వేళ్ళతో గడ్డను దానికి ఏటవాలుగా ఆనించి పట్టుకుంది.

"దూరడం లేదండీ. విత్తనానికి," అంది.

తిన్నగా పెడితే అది హాయిగా దూరుతుంది. బాబాయికి చూడగానే తెలిసిపోయింది. ఫ్యాక్టరీలో ఉన్నన్నాళ్ళూ కొలత తప్పిన ముక్కను ఒక్కదాన్నీ గేటు దాటనివ్వని ఆ మనిషి, ఆవిడ చేతిలోంచి గడ్డను తీసుకుని, పక్కనే ఖాళీగా ఉన్న విత్తనాల బుట్టలో వేశాడు.