టైలరమ్మ మనవి

టైలరమ్మ చర్చికొచ్చినా మెడలో టేపు తియ్యదు. ముందు వరుసలో ఎవరి చొక్కాకైనా వంకర కుట్టు కనబడితే పాట మధ్యలోనే పళ్ళు నూరుతుంది. బైబిలు మీద ఆనించిన ఆమె చూపుడువేలు నిండా సూది గాట్లే. ఏదైనా సరే, కొలవందే నమ్మదు.

ఆ ఆదివారం పాస్టరుగారు ప్రార్థన మనవులు అడగ్గానే లేచి నిలబడింది. "మన గేటు ముందు మురుగుకాలవ మీద పలక లేదు. మొన్నటి వానకి వాచ్‌మన్ తాత అందులో పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. నేను కొలిచాను, రెండు గజాల పొడవు, నడుంలోతు. నా అర్జీ ఆర్నెల్లుగా మన సంఘపెద్దగారి ఆఫీసులోనే మగ్గుతోంది. ఆయన కోసం ప్రార్థన చెయ్యండి." మునిసిపల్ ఇంజనీరైన సంఘపెద్ద మొహం కందగడ్డలా అయింది. "అధికారులకు లోబడమని వాక్యం చెబుతోంది కదమ్మా, కూర్చో!" అన్నాడు. "లోబడే ఉన్నాను అన్నయ్యగారూ. పన్ను కట్టాను, ఓటేశాను. అధికారి దేవుడి పనివాడని కూడా అక్కడే ఉంది. మరి పనివాడు పని చెయ్యొద్దా?" అంది టైలరమ్మ. పాస్టరుగారు బతిమాలినా కూర్చోలేదు. ప్రసంగమంతా నిలబడే వింది.

మరుసటి ఆదివారానికి పలక పడింది. అందరూ స్తోత్రం, స్తోత్రం అనుకుంటూ దాని మీదుగా లోపలికి నడిచారు. టైలరమ్మ మాత్రం గేటు దగ్గరే వంగి టేపు పరిచింది. జానెడు తక్కువ. మనవులు అడగడానికి పాస్టరుగారు ఇంకా నోరు తెరవకముందే, ఆ జానెడు దగ్గర టేపును బొటనవేలితో నొక్కిపట్టుకుని లేచి నిలబడింది.