ముప్పై ఒకటో రోజు

"...అయితే మీ బావ ఇంకా బతికే ఉన్నాడంటావా?" అంటోంది అక్క, కౌంటరు అవతల నిలబడి.

"పోలేదని కాదక్కా. నా లెక్కలో పోలేదు," అన్నాడు గుమాస్తా గొంతు తగ్గించి.

ఇరవై రెండేళ్లుగా అతను రాస్తున్నది రోడ్డు ప్రమాదాల లెక్కలే. పోయినవాళ్లను ఎర్రసిరాతో, దెబ్బలు తగిలినవాళ్లను నీలంతో రాస్తాడు. ప్రతి గీతా స్కేలు పెట్టే గీస్తాడు. ఆ బల్ల మీద ఎవర్నీ టీ గ్లాసు పెట్టనివ్వడు. ప్రమాదం జరిగిన ముప్పై రోజుల్లోపు పోతేనే మృతుడు, తర్వాత పోతే గాయపడ్డవాడే. ఈ నియమాన్ని కొత్తగా చేరినవాళ్లకు నూరిపోసేదీ అతనే. అక్క ఇంటి ముందు కూడలిలో లారీ గుద్దిన బావ, ఆస్పత్రిలో ముప్పై ఒకటో రోజు తెల్లవారుతుండగా పోయాడు. అంత్యక్రియలు ముగించుకొచ్చిన గుమాస్తా బావ పేరున్న నీలం వరసను అలాగే ఉంచేశాడు. అక్కడ సిగ్నల్ పెట్టాలంటే మూడేళ్లలో పదిమంది పోయి ఉండాలి. రిజిస్టర్లో తొమ్మిదిమందే ఉన్నారు.

"ఒక్క రోజు వెనక్కి జరపరా, నీ సొమ్మేం పోయింది?"

"తేదీ ఆస్పత్రివాళ్లు ఇచ్చింది. నేనేం చేయనక్కా?"

"అవున్లే. ఆయనకి వేళకి చావడం కూడా చేతకాలేదు."

గుమాస్తా కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అక్క సంచి భుజాన వేసుకుంది.

"బడి వదిలాక పిల్లలు అటే దాటాలి. రేపట్నుంచి ఆ కూడలి మధ్యలో నేను నిలబడతాను," అంది.