తాతయ్య కూల్చిన విమానాలు

కళ్లద్దాల షాపాయన ఏ మాట మొదలుపెట్టినా చివరికి విమానం ఎక్కించేవాడు. యుద్ధకాలంలో వాళ్లమ్మ తండ్రి వైమానిక దళంలో మరతుపాకి పేల్చే గన్నర్‌గా మూడు శత్రు విమానాలను కూల్చిన వైనం చెప్పేవాడు. కంటి పరీక్ష యంత్రానికి గడ్డం ఆనించి కూర్చున్నవాళ్లు లేచి పోలేరు కదా!

"పెళ్లిచూపుల్లో నా పేరైనా అడగలేదు, ఈ కథే చెప్పారు. ఇంతకీ రుజువుందా?" అని ఒకరోజు భార్య దెప్పింది.

ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది. షాపుకు తాళం పెట్టి, సైనిక దస్త్రాలు దాచే భవనానికి వెళ్లాడు.

అక్కడి పఠన గదిలో పెన్ను వాడకూడదు, మాట్లాడకూడదు. రెండోది ఆయనకు కఠిన శిక్షే. అక్కడ పనిచేసే ఆవిడ తాతయ్య దళం తాలూకు యుద్ధ నివేదికల పెట్టె తెచ్చి ముందు పెట్టింది. కాగితాలు తిప్పీ తిప్పీ మెడ పట్టేసే వేళకు తాతయ్య పేరు కనబడింది. ఛాతీ ఉబ్బింది. చదివేకొద్దీ దిగింది.

తాతయ్య కూల్చిన విమానాలు సున్నా. శత్రువు వెంటబడితే, కంగారులో మరతుపాకిని గిర్రున తిప్పి, తను కూర్చున్న విమానం తోకకే తూట్లు పొడిచాడు. పైలట్ దాన్ని ఎలాగో ఈడ్చుకొచ్చి దించాడు. నివేదిక కింద ఆ పైలటే రాశాడు: "గన్నర్ భయపడ్డాడు. నేనూ భయపడ్డాను. రేపు కూడా ఇతన్నే నాతో పంపండి."

ఇంటిల్లిపాదికీ ఆ కథ నూరిపోసింది తాతయ్య పెద్ద కూతురు, అంటే పెద్దమ్మ. సాయంత్రం ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఉన్నదంతా చెప్పేశాడు.

పెద్దమ్మ అంతా వింది. ఒక్కటే అడిగింది. "మర్నాడు ఎక్కించుకున్నాడా?"

"మర్నాడేంటి పెద్దమ్మా, యుద్ధం అయ్యేదాకా ఇద్దరిదీ ఒకే విమానం."

"తోకకు తూట్లు పడ్డాక కూడానా?" ఆవిడ పక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నాన్న నిద్రలో సారీ, సారీ అని కలవరించేవాడురా. చచ్చిపోయిన శత్రువులకు చెబుతున్నాడనుకున్నా. చిన్నపిల్లని, ఇక కథంతా నేనే అల్లేశా."

"అల్లావా? నేను ఊరంతా చాటానే!"

"చాటింది చాల్లే. ఆ పైలట్ పిల్లలెక్కడున్నారో వెతుకు. ఆయన్ని తలుచుకునేవాళ్లకు మనమూ తలుచుకున్నామని తెలియాలి."

సోమవారం పఠన గది తెరిచేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఈసారి పక్కన భార్య కూడా ఉంది. "మిమ్మల్ని ఒంటరిగా పంపితే పైలట్ గారి ముత్తాతల దాకా పోతారు" అంటూ వెంట బయల్దేరి వచ్చింది.